సూది గ్రుచ్చని ఊళ్లు



ఎవరి స్మృతికై ఈ ధర్మనిధి నెలకొనినదో ఆ మహనీయుని గుణగణములను అధ్యక్షులవారు నాకంటె బాగుగ ఇంతకుమున్నే వర్ణించియున్నారు. నేనాయనక్రింద నాలుగేండ్లు పనిచేసినవాడను. ఆయనను పేరుపెట్టి పిలిచి యెరుగను. గురువుగారనియే పిలిచితిని, నేడును అట్లే పిలిచెదను. తన్నెవరైన పొగడిన పొడుముడబ్బీ తీసి, మూతమీద రెండుమారులు తట్టి, మాట మార్చుట ఆయన అలవాటు. కావున పొగడ్త నటుంచి, ఆయన తన ఉద్యోగకాలమంతయు దేనియెదుట నిలువబడి ఆలోచించిరో దానిని గూర్చి, అనగా ఒక దేశమున అంటువ్యాధులు వ్యాపించు తీరును పటముపై గుర్తించు విద్యను గూర్చి, నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసికొందును.

ఆయన కచేరీగదిలో, కిటికీకెదురుగా, గుడ్డపై అంటించి చెక్కపలకకు బిగించిన జిల్లాపటమొకటి వ్రేలాడుచుండెడిది. ఊరూరినుండి వచ్చిన కార్డులను ఉదయముననే చదివి, వాంతిభేదికి ఎఱ్ఱతల సూదిని, మశూచికి నల్లతల సూదిని, చలిజ్వరమునకు పసుపుతల సూదిని ఆయా గ్రామముల స్థానమున తన చేతితోనే గ్రుచ్చుట ఆయనకు సంధ్యావందనమువంటి నిత్యకర్మ. సూదులు దాచునదియు ఖాళీయైన పొడుముడబ్బాయే. నేను ఉద్యోగమున చేరిన మొదటివారమునందే, పటమునకు ఉత్తరమున కొండలతో నిండిన తాలూకాలో ఒక్క సూదియైనను లేకుండుట చూచి, అచ్చటి గాలియు నీరును ఎంత మంచివో గదా యని కొత్తచదువు గర్వముతో అంటిని. ఆయన డబ్బీమూత తట్టి, పటమువైపు చూచుచునే, "అక్కడ జబ్బు లేదా, మనం పోలేదా?" అని మాత్రమడిగిరి. నేటి నా ఉపన్యాసము ఆ ప్రశ్నకు ఇన్నేండ్లకు నేను కూర్చుకొన్న జవాబు.

ఈ విద్యను గూర్చి మాటలాడువారెల్లరు లండను నగరముతో మొదలుపెట్టుట ఆచారమైపోయినది. 1854వ సంవత్సరము ఆగస్టు చివర సోహో పేటలో వాంతిభేది చెలరేగగా, జాన్ స్నో అను వైద్యుడు ఇంటింటి చావులను పటముపై నల్లగీతలుగా పేర్చి, అవి బ్రాడ్ వీథిలోని చేతిపంపుచుట్టు గుమిగూడుట చూపెననుటయు, సెప్టెంబరు 8న ఆ పంపుపిడి ఊడదీయబడెననుటయు మీరెరిగినదే. నాకు ముచ్చట గొలుపునది ఆ గీతలకంటె గీతలులేని చోట్లు. పంపునకు సమీపమునగల పోలండువీథి బీదలశాలలో 535 మంది నివసించుచుండగా చనిపోయినవారు ఐదుగురే. ఆ శాలకు సొంత బావి యుండెను. బ్రాడ్ వీథిలోనే యున్న బీరు కాచు కర్మాగారపు పనివారిలో ఒక్కరును చావలేదు. వారికి దొరకు పానీయము వేరు, ఆ పంపుకడకు పోవలసిన పని వారికి లేదు. స్నో మహాశయుడు ఈ ఖాళీచోట్లకు పోయి, మీరేల చావలేదని అడిగెను. ఇక దూరమున హాంప్‌స్టెడ్‌లో కాపురముండిన వృద్ధురాలొకతె, పూర్వపరిచయముచే ఆ పంపునీటి రుచి మరువలేక, బండిమీద తెప్పించుకొని త్రాగి మరణించెను. ఆమె చావును పటముపై ఎచ్చట గుర్తింపవలెను? ప్రాణము పోయిన ఇంటివద్దనా, ప్రాణము తీసిన నీటివద్దనా? ఈ చిక్కు నేటికిని తీరినది కాదు.

మన దేశమున ఈ చిక్కు ఇంకను విశాలముగ కనబడును. 1869లో జేమ్స్ బ్రైడెన్ అను నతడు బంగాళ రాజధానిలోని వాంతిభేది లెక్కలను కూర్చి, ఈ వ్యాధి గంగాముఖద్వార ప్రాంతమున పుట్టి ఋతుపవనములతో కూడ దేశముమీదికి నడచుచున్నదని వాదించెను. రెండేండ్లకే, అనగా 1871లో, మద్రాసు రాజధాని శానిటరీ కమీషనరైన కార్నిష్ దొర దక్షిణదేశపు వాంతిభేదిని గూర్చి పెద్దగ్రంథము ప్రకటించి, ఈ జాడ్యమును తెచ్చునది గాలి గాదనియు, మనుష్యుల రాకపోకలును, త్రాగు నీరునే యనియు చెప్పెను. మన సర్కారు జిల్లాలును దత్తమండలమును ఆ రాజధానిలోనివే గనుక మన తాతల చావులును ఆ లెక్కలలో నున్నవి. ఒకే వ్యాధి, ఇంచుమించు ఒకే తరహా రిజిష్టరులు. ఒకరికి పటముపై గాలి కనబడెను, మరియొకరికి బాట కనబడెను. వానకాలముననే యాత్రలు సాగుచోట, గాలివాటును యాత్రికుల బాటయు ఒకే దిక్కున పోవుచోట, పటము ఇరువురికిని సాక్ష్యము చెప్పును. బాటను చూచిన కార్నిష్ దొరయే 1877 కరవులో, కూలివానికి దినమునకొక పౌను ధాన్యము చాలునన్న, ప్రభుత్వ ప్రతినిధిగా కరవు చూడవచ్చిన టెంపుల్ దొరను ఎదిరించినవాడని యెరిగినప్పుడు, మనుష్యులు నడచుటను, తినుటను, త్రాగుటను దగ్గరనుండి చూచినవాడు కావుననే అట్లు చూడగలిగెనని నాకు తోచుచుండును.

ఈ లెక్కలు ఆనాడు పుట్టిన చోటును ఒకమారు చూడవలెను. గ్రామమున ఒకడు చనిపోయెను. తలారి పోయి గ్రామాధికారికి చెప్పును. ఆయన నాడి పట్టినవాడు గాదు, రోగిని చూచినవాడును గాదు. రిజిష్టరున వాంతిభేది, మశూచి, జ్వరము మొదలగు గడులు కొన్ని గలవు. వాంతులు విరేచనములునై చచ్చినవానిని మొదటి గడిలో వేయుట సులభము. పొక్కులు గనబడిన రెండవ గడి. ఒళ్లు కాలి చచ్చినవారందఱును, క్షయరోగియు, బాలింతరాలును, కొండజ్వరము పట్టినవాడును, మూడవగడిలోనికే పోవుదురు. మన రిజిష్టరులలో జ్వరమను గడి ఎప్పుడును అన్నిటికంటె లావుగ నుండుట ఇందుచేతనే. ఆ గడిలోని అంకెలు తాలూకాకు, తాలూకానుండి జిల్లాకు, జిల్లానుండి రాజధానికి ఎక్కి, చివరకు నున్నని కాగితముపై రంగుగా మారినప్పుడు తలారి మాట ఎవ్వరికిని జ్ఞాపకముండదు. వ్యాధుల పేర్లును ఊరికొక విధము. కోస్తాలో వాంతిభేది యన్నది తెలంగాణమున గత్తర. మశూచి వచ్చిన ఇంట ఆ మాటయే అనరాదు, "అమ్మవారు పోసింది" అనవలెను, ద్వారమునకు వేపమండలు కట్టవలెను. అమ్మవారిని రిజిష్టరులోనికి ఎక్కించుటకు ఏ గృహిణి ఒప్పుకొనును?

ఇక చలిజ్వరము మాట. ఇక్కడ కొంచెము నిలిచెదను. పటములు మనుష్యుని మోసగించు విధము దీనియందువలె మరెందును తేటపడదు. మన సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్, దోమ కడుపులో ఈ జ్వరపు క్రిమిని కనుగొనెను. అటుపిమ్మట పదునొకండేండ్లకు, 1908 శరత్కాలమున, పంజాబు దేశము మలేరియాచే తలక్రిందులయ్యెను. అక్టోబరు, నవంబరు రెండు నెలలలో మూడు లక్షలకు పైగా జనము మడిసిరి. రిచర్డ్ క్రిస్టోఫర్స్ అను శాస్త్రజ్ఞుడు ఆ చావులను పటముపై ఎక్కించి, అవి దేశమంతట సమానముగ పరచుకొనక, కొన్ని కేంద్రములందు మిక్కుటమై చుట్టును పలుచబడుట చూపి, వానను, వరదను, గోధుమధరను వానితో పోల్చిచూచెను. ఆ సంవత్సరమున వాన విస్తారము. అంతకుముందు ధరలు మండి జనము అర్ధాకలితో నుండిరి. 1911లో వెలువడిన ఆయన నివేదికను, మలేరియాను కేవలము దోమలకథగా చదువుకొన్న ఏ విద్యార్థియైనను ఒకమారు చదువదగును. ఆ మహానుభావుడు నూటనాలుగేండ్లు జీవించి 1978లో గతించెను. జ్వరములను వెంటాడినవానికి ఇంతటి ఆయుర్దాయము లభించుట నాకు సంతోషకరమైన విడ్డూరముగ నుండును.

చావులనుబట్టి గీచిన పటములో పంజాబు కాటుకవలె నల్లగ నుండును. మన తూర్పుకనుమల మన్యము, ఆనాడు విశాఖపట్టణము జిల్లాలోనుండిన జయపురము కొండలు, పాలిపోయి కనబడును. కాని ఆ మన్యమునకు బదిలీయైన గుమాస్తా యింట ఏడుపు వినబడుటయు, సెలవు పెట్టుటకో బదిలీ మార్పించుకొనుటకో వాడు తిరుగని గుమ్మముండకపోవుటయు మన పెద్దలు చూచినదే. మరి పటమేల పాలిపోయెను? ఏడాది పొడుగున కొండవాగుల అంచున గడ్డిమొదళ్లలో, మెల్లగ పారు తేటనీటిలో పెరుగు దోమ అచ్చటి శిశువును పుట్టిన మొదటి ఏటనే కుట్టును. చావవలసిన బిడ్డ పేరైనను పెట్టకమునుపే చచ్చును. మిగిలినవాడు జ్వరముతోనే పెరిగి, పెద్దవాడగునప్పటికి దానిని ఓర్చుకొను శక్తి సంపాదించును. అక్కడ హఠాత్తుగ ఊళ్లు పడిపోవుట ఉండదు, పత్రికలలో వార్త ఉండదు. పంజాబులో వానలు తప్పిన నాలుగేండ్లు జ్వరము మరచిన జనముపై ఐదవయేట వరదతో అది విరుచుకొనిపడును. ఒకచోట వ్యాధి ఊరిలో కాపురముండును. మరియొకచోట దండెత్తి వచ్చును. చావులు లెక్కించువాడు దండును మాత్రమే చూడగలడు.

కాపురమున్నదానిని చూచుటకు వేరొక ఉపాయము కావలెను. అది మన పల్లెల ముసలమ్మలకు ఏనాటినుండియో తెలిసినదే: పిల్లవాని కడుపులో బల్ల పెరుగుట. ప్లీహము పెరిగి ఎడమడొక్క క్రింద పలకవలె గట్టిగ తగులుటను బట్టి వచ్చిన పేరది. ఉత్తరహిందూస్థానమున యమునా కాలువల ప్రాంతమును పరీక్షింప నియమితుడైన డెంప్‌స్టర్ అను వైద్యుడు 1840ల దశకముననే దీనిని శాస్త్రపరీక్షగా వాడెను. రెండేండ్లు దాటి పదియేండ్లు నిండని పిల్లలను వరుసగ నిలిపి, ఎందఱికి బల్ల యున్నదో నూటికింత అని వ్రాసికొనుటయే పద్ధతి. దీనికి సూక్ష్మదర్శిని అక్కరలేదు, మరణరిజిష్టరు అక్కరలేదు. కావలసినదొకటే, పరీక్షించువాడు ఆ ఊరికి పోవుట. 1926లో క్రిస్టోఫర్స్, సింటన్ అను ఇరువురు ఇట్టి పరీక్షల ఫలితములను కూర్చి భారతదేశపు మలేరియాపటమును ప్రకటించిరి. అందు ఐదువేల అడుగులకు పైబడిన ఆరోగ్యస్థలములు, వరదలతో విరుచుకొనిపడు ప్రాంతములు, వానలనుబట్టి మారు మెట్టభూములు, నిత్యజ్వరముగల అడవికొండలు, ఇట్లు ఒక్కొక్కదాని స్వభావమును బట్టి దేశము విభజింపబడెను. మన మన్యము తన అసలురంగులో అప్పుడు కనబడెను.

ఎంత యనుటకును ఎట్లనుటకును గల ఈ భేదమును మరియొకరు మరియొక మార్గమున పట్టుకొనిరి. లియర్మంత్ అను భూగోళశాస్త్రజ్ఞుడు ఇరువది సంవత్సరముల మరణలెక్కలను జిల్లావారీగ తీసికొని, సగటును మాత్రమే గాక, ఆ సగటు చుట్టు ఏటేట కలుగు హెచ్చుతగ్గులను గూడ ఒకే పటముపై చూపు పద్ధతిని అవలంబించెను. మద్రాసునుండి వెలువడు ఇండియన్ జియోగ్రాఫికల్ జర్నలులో 1958లో ఆయన వ్యాసము అచ్చుపడెను. ఆ సంచిక గురువుగారి బల్లమీద అట్ట చిరిగియుండెడిది.

స్వాతంత్ర్యము వచ్చునప్పటికి ఏటేట ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకుచు, ఎనిమిది లక్షలమంది చనిపోవుచుండిరని అంచనా. 1953లో నియంత్రణ పథకము, 1958లో నిర్మూలన పథకము ఆరంభమయ్యెను. డి.డి.టి. చల్లిన గోడల పుణ్యమా యని 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగెను. దేశపటమును దాడిదశ, దృఢీకరణదశ, పరిరక్షణదశ యని విభజించి రంగులు వేసిరి. ఒక ప్రాంతము పరిరక్షణదశకు రాగానే, పదునైదు దినములకొకమారు ఇల్లిల్లు తిరిగి "జ్వరమెవరికైనా వచ్చిందా తల్లీ?" అని అడుగు పనివాడు వేరొకచోటికి పోవును, ఆ పని సాధారణ వైద్యశాలల పాలగును. వానితోపాటు రక్తపుచుక్కలు తీయు గాజుపలకలును తగ్గును. పలకలు తగ్గిన రోగులును కాగితముపై తగ్గుదురు. ఇట్లుండగా వ్యాధి మరల పెరిగి, 1976లో 64 లక్షలకు పైబడి రోగులు లెక్కకు వచ్చిరి. దోమ మందునకు అలవాటుపడుట, మందు వేళకు అందకపోవుట మొదలగు కారణములెన్నియో కలవు, నేను కాదనను. కాని శుభ్రమైన రంగు వేసిన చోటునుండి మనుష్యుని తీసివేయుటయు అందొకటి యని నా దృఢాభిప్రాయము.

దీనికి ఎదురైన ఉదాహరణము మశూచి. ఊళ్లనుండి కాగితము వచ్చువరకు వేచియుండక, 1973 శరత్తునుండి ఉత్తరప్రదేశము, బీహారు మొదలగు రాష్ట్రములలో ఇంటింటికి పోయి వెదకు పద్ధతి ఆరంభింపగా, అంతవరకు రిజిష్టరుల కెక్కని రోగులు వేలకొలదిగ బయటపడిరి. 1974లో దేశమున లెక్కకువచ్చిన మశూచిరోగులు 1,88,000కు పైగా. అంకె చూచి పత్రికలు గగ్గోలెత్తెను. పథకము విఫలమైనదని పెద్దలు కొందఱు తీర్మానించిరి. వ్యాధి పెరుగుటచే కొంతయు, చూపు పెరుగుటచే కొంతయు ఆ అంకె పెరిగినది. ఆ బీహారు పటములోనే, ఒకదానికొకటి పొత్తులేనట్లు చెదరియున్న మచ్చల వెంటబడి పోగా, వందలకొలది గ్రామములకు వ్యాధి టాటానగరు రైల్వేస్టేషనునుండి బయలుదేరినట్లు తేలెను. ఉక్కు కర్మాగారమునకు కూలికి వచ్చి, జబ్బుపడి, స్వగ్రామముననే కన్నుమూయుదమని రైలెక్కిన నిరుపేదల బాటలవి. పటముపై రైలుదారులు గీచియుండెను గాని, టిక్కెట్టు కొని ఎక్కినవాని ఒంటిజ్వరము గీచియుండలేదు. వెదకు పనివారు లక్షకు పైబడి, ఇండ్లు పదికోట్లు. రోగిని చూపినవారికి బహుమానము తుదకు వేయి రూపాయలు. ఇంటిముందరి వేపమండ, దాచుటకై కాకున్నను దాచిపెట్టినదే, తుదకు మావంటివారికి దారిచూపు జెండా యయ్యెను. దేశీయమైన కడపటి రోగి 1975 మే నెలలో కనబడెను.

నారికురుపు మాట చెప్పక విడువలేను. చెరువులోనో దిగుడుబావిలోనో నీటితో కలిసి కడుపులో చొచ్చిన ఆ పురుగు, తీగవలె సాగి, కాలి చర్మమును చీల్చుకొని వెలికివచ్చుటకు ఇంచుమించు ఒక ఏడాది పట్టును. నేడు కురుపు చూచి సూది గ్రుచ్చితిమేని ఆ సూది చూపునది నిరుటి నీటిని. ఈలోపున ఆ కూలివాడు ఎన్ని ఊళ్ల బావులు త్రాగెనో! అందుచే ఆ పథకము వారు రోగి పేరు వ్రాయుటతో ఆగక, నిరుడు ఈ నెలలో నీవు ఎక్కడ నీరు త్రాగితివని అడుగవలసి వచ్చెను. 1984లో ఇంచుమించు నలువదివేల మంది యున్న రోగులు, మన రాష్ట్రముతో కలిపి ఏడు రాష్ట్రములలోనివారు, ఏటేట తగ్గి, 1996లో రాజస్థానమున జోధపురము జిల్లాలో కడపటివాడు కనబడెను. 2000 సంవత్సరమున దేశము విముక్తమైనదని ధ్రువపడువరకు, రోగియే లేని ఊళ్లలో వెదకుట మానలేదు. సూదులన్నియు తీసివేసిన పటమెదుట మూడేండ్లకు పైగా కూర్చుండుట ఎంతటి ఓర్పు!

మొన్నమొన్నటి 2020వ సంవత్సరమున, కోవిడ్ మహమ్మారి వేళ, దేశములోని 733 జిల్లాలకు ఎఱుపు, నారింజ, పచ్చ రంగులు వేసి ప్రకటించిన దినమున, మా వీథిలోనివారు తమ జిల్లా పచ్చయైనందుకు మిఠాయి పంచుకొనిరి. అరువది మైళ్ల పొడవుగల జిల్లాకు ఒకే రంగు! నేను నోరు మెదపక, ఒక ఉండ నోట వేసికొంటిని.

గురువుగారి ప్రశ్నకు మరల వచ్చెదను. వారము తిరుగకమునుపే ఆయన నన్ను ఆ కొండతాలూకాకు పంపిరి. బస్సు దిగి ఒకపూట నడచి చేరిన పల్లెలో చింతచెట్టుక్రింద పిల్లలను పోగుచేసిరి. ఒక్కొక్కరిని చాపపై వెల్లకిల పరుండబెట్టి, మోకాళ్లు మడిపించి, ఊపిరి తీయుమని, ఎడమ పక్కటెముకల క్రింద నాలుగు వ్రేళ్లు ఆనించితిని. ఊపిరితో కూడ దిగివచ్చి గట్టియంచు వ్రేళ్లకు తగులుచుండెను. రెండవవానికి అంతే, మూడవదానికి బొడ్డువఱకు దిగియున్నది. తగులనివాని కొఱకు నేను వెదకుకొనవలసి వచ్చెను. జ్వరములని ఒక కార్డైనను ఏల వ్రాయలేదని గ్రామపెద్దను కొంచెము కోపముగనే అడిగితిని. ఆయన నా ముఖమువైపు వింతగ చూచి, "జబ్బేముంది బాబూ? మా పిల్లల కడుపులు పుట్టుకనుంచీ ఇంతే" అనెను.

తిరిగివచ్చి నా పుస్తకము గురువుగారిముందు పెట్టితిని. ఆయన ఒక్కొక్క పల్లెపేరు చదువుచు సూదులు గ్రుచ్చసాగిరి. సగము ఊళ్లు కాకమునుపే డబ్బాలో పసుపుతల సూదులు అయిపోయెను. డబ్బాను బోర్లించి, అడుగున తట్టి చూచి, "రేపు బజారునుంచి తెప్పిద్దాం" అని పుస్తకము మూయక అట్లే తెరచియుంచిరి.